ఫోటోలో చీర

నేను ఒక చీరను అని మొదలుపెట్టడం నాకు కాస్త నామోషీ. లోకంలో చీరలకు కొదవ లేదు. గంజి పెట్టి ఆరేస్తే అట్టముక్కలా నిలబడేవీ చీరలే. ఇవాళ స్కూటర్లు తుడుస్తున్న గుడ్డలు కూడా ఒకనాడు చీరలే. నేను ధర్మవరం పట్టుచీరను. దానిమ్మగింజల ఎరుపు ఒళ్ళు, చిలకపచ్చ అంచు, ఆ అంచు పొడుగునా బారులు తీరిన జరీ గోపురాలు. ఈ వాక్యం దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగి, మనసులోనైనా లేచి నిలబడితే నేను వద్దనను.

రాజవంశాల చరిత్రలు యుద్ధాలతో మొదలవుతాయి. నా చరిత్ర ఒక వేడినీళ్ళ గంగాళంతో మొదలవుతుంది. నా కోసం వేలాది పట్టుపురుగులు ప్రాణత్యాగం చేశాయి. త్యాగం అన్నది మా వంశీయులు వాడుకునే మాట. మరుగుతున్న నీళ్ళలో వేసేముందు వాటి అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఆ దారంలో కొంత ఎర్రరంగు తొట్టిలో మునిగింది, కొంత పచ్చరంగు తొట్టిలో మునిగింది. రెండూ తిరిగి ఓబులేసు అనే నేతగాడి మగ్గం మీద కలుసుకున్నాయి. అతను దారం కండె పెట్టిన నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసురుతూ ఉంటే భార్య లింగమ్మ పక్కన కూర్చుని ఆ కండెలు చుట్టేది.

పక్క మగ్గం మీద ఒక నెమలికంఠం రంగు చీర తయారవుతూ ఉండేది. వచ్చినవాళ్ళంతా ముందు దాన్ని చూసి, తరువాత మర్యాదకు నన్ను చూసేవారు. అసూయ నాకు అక్కడే, సగం నేతలోనే అబ్బింది. ఒకనాడు లింగమ్మ కూడా చెయ్యి ఆపి దానికేసి చూస్తూ, "అబ్బ, ఎంత బాగుండాదో!" అన్నది.

"దాన్ని చూసింది చాల్లే. కండె అయిపోయినాది, ఇటియ్యి" అన్నాడు ఓబులేసు.

అతని మీద నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ నెమలికంఠమూ నేనూ ఒకే మూటలో ప్రయాణం చేసి, గుంటూరులో ఒక పెద్ద బట్టల దుకాణంలో ఒకే అరలో పడ్డాం. అది పైన, నేను కింద. నా పరాభవాల్లో ఇది రెండోది. ఒక ఉదయం తెనాలి నుంచి పెళ్ళివారు దిగారు. పెళ్ళికూతురు శర్వాణి, ఆమె తల్లి విమల, ఆ తల్లికి అక్కగారైన రాజ్యలక్ష్మి తెల్లటి పరుపు మీద కొలువు తీరారు. వీళ్ళలో రాజ్యలక్ష్మి గారిది సర్వసేనాధ్యక్ష పదవి. రంగుల విషయంలో ఆవిడకు ఉన్నంత పట్టుదల పూర్వం చక్రవర్తులకు సరిహద్దుల విషయంలో ఉండేదేమో.

"నేనడిగింది ఉల్లిపొర రంగు నాయనా, నువ్వు తీసింది ఉల్లిపాయ రంగు" అని ఆవిడ సేల్స్‌మన్‌కు పాఠం చెబుతున్నది.

వీళ్ళకు దూరంగా, గోడకు చేరగిలబడి, చేతిలో కూల్‌డ్రింకు సీసాతో ఒకాయన కూర్చున్నాడు. ఆయన పాండురంగం, పెళ్ళికూతురి తండ్రి. తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. గిన్నెలు అమ్మడమే కాక, వాటి మీద పేర్లు కూడా తానే చెక్కుతాడు. రంగుల మాట వచ్చినప్పుడల్లా ఆయన సీసాలోకి తొంగిచూస్తున్నాడు. అందులో ఏదో ముఖ్యమైన విషయం తేలుతున్నట్టు.

"నాన్నా, ఒక్క చీర నువ్వు తియ్యి" అన్నది శర్వాణి.

"నాకేం తెలుసమ్మాయ్! మీ పెద్దమ్మ ఉందిగా."

"పెద్దమ్మ తీసినవి పెద్దమ్మకి నచ్చినవి. నాకు నువ్వు తీసింది కావాలి."

పాండురంగం సీసా కింద పెట్టి, చేతులు రుమాలుతో తుడుచుకుని, పరుపు దగ్గరికి వచ్చాడు. అందరిలాగా దూరం నుంచి తల వంచి చూడలేదు. ఒక్కొక్క చీర అంచు పట్టుకుని, గిన్నె అంచు సరిచూసేవాడిలా బొటనవేలు నడిపాడు. నా దగ్గర ఆ వేలు ఆగింది. నా అంచును ట్యూబులైటు కేసి ఎత్తి, ఇటూ అటూ వంచి చూసి, "ఇది" అన్నాడు.

"అయ్యబాబోయ్, మరిదిగారిలో ఇంత రసికత ఉందా!" అన్నది రాజ్యలక్ష్మి. "ఎరుపుకి పచ్చ! ఏం పట్టారండీ రంగు!"

ఆయన నవ్వీ నవ్వనట్టు నవ్వాడు. సేల్స్‌మన్ నన్ను విప్పి పరిచినప్పుడు నా కొంగు సరిగ్గా ఆ నెమలికంఠం మొహం మీద పడింది. స్వయంవరంలో వరమాల అందుకున్నంత గర్వంగా నేను తెనాలి వెళ్ళాను. నా రంగు చూసి నన్ను వరించాడు కదా మరి.

ఈ భ్రమ ఎంతో కాలం నిలవలేదు. నాకు ఫాల్ కుట్టించాలన్నారు. ఫాల్ అనేది అంచు లోపలివైపు వేసే గుడ్డముక్క. అది అంచు రంగులో కలిసిపోవాలి. ఆ పని పాండురంగం మీద పడింది. మ్యాచింగ్ సెంటర్‌లో జనం కిటకిటలాడుతున్నారు. కౌంటర్‌లో ఉన్నావిడ ఫాల్స్ గుత్తి ఆయన ముందు పడేసి, "చూసుకోండి బాబాయిగారూ" అని మరొకరి వైపు తిరిగింది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. నన్ను కవరులోంచి కొంచెం బయటికి లాగి, నా చిలకపచ్చ అంచు పక్కన ఒక ఎర్ర ఫాల్ పెట్టి, తల అటూ ఇటూ తిప్పి చూసి, "సరిగ్గా కుదిరింది" అనుకున్నాడు. నాకు పట్టుపురుగుల గంగాళం గుర్తుకొచ్చింది.

ఇంటికి వచ్చి తెచ్చింది చూపించాడు. శర్వాణి ఒక్క క్షణం ఆ ఎర్రముక్కను చూసి, "భలే తెచ్చావు నాన్నా" అన్నది. ఆయన కొట్టుకు వెళ్ళగానే చెప్పులు తొడుక్కుని, దాన్ని మార్చుకురావడానికి బయలుదేరింది. గుమ్మంలో తల్లి ఎదురైంది.

"ఏం తెచ్చారు?" అన్నది విమల.

"ఎర్రది. పెద్దమ్మకి చెప్పకు."

"నేనెందుకు చెప్తానే! మీ నాన్నకి ఎరుపూ పచ్చా ఒకటేనని నాకు మాత్రం ఆయన చెప్పారా? పెళ్ళైన కొత్తలో రోజూ మల్లెపూలే తెచ్చేవారు. ఒక్కనాడు కనకాంబరాలు తెమ్మంటే మరువం తెచ్చారు. అప్పుడు అర్థమైంది."

"నాకు చిన్నప్పుడే తెలుసమ్మా. ఎర్రాకుల చెట్టు గీసి చూపిస్తే, అచ్చం మన వేపచెట్టేనన్నాడు."

"కళ్ళ పరీక్షలో రంగుచుక్కల బొమ్మలు చూపించి రైల్వే ఉద్యోగం పోగొట్టారుట. అప్పటినించీ ఎవరికీ తెలియనివ్వరు. ఇప్పుడు మరీను. తండ్రి కళ్ళలో లోపం ఉందని తెలిస్తే మగపెళ్ళివారు పుట్టబోయే పిల్లల దాకా వెళ్తారని ఆయన భయం."

"ఆ భయం నాకు లేదు. కానీ చెప్పుకోవడం, మానడం నాన్న ఇష్టం" అని శర్వాణి మెట్లు దిగింది.

నా సంగతి ఆలోచించండి. నన్ను వరించిన మహానుభావుడికి నేను ఎర్రదాన్నో పచ్చదాన్నో తెలియదు! మరి అన్ని చీరల్లో నన్నే ఎందుకు తీశాడు? ఈ ప్రశ్న నా మడతల్లో ముల్లులా దిగింది.

ఆ వారంలోనే రాజ్యలక్ష్మి తన కూతురి పెళ్ళి ఆల్బమ్ తీసుకుని వచ్చింది. ఇక్కడ మానవజాతి గురించి ఒక రహస్యం చెప్పాలి. పెళ్ళి ఆల్బమ్‌లో మనుషులను మనుషులు గుర్తుపట్టేది మొహాలతో కాదు, మాతోనే. "ఆ వంగపండు రంగు చీరావిడ ఎవరు?" "ఆవపువ్వు రంగు చీర పక్కన నిలబడింది మన సుభద్రేనా?" అని అడుగుతారు. చీరలు పేర్లు, మనుషులు వాటికి తగిలించిన చిరునామాలు. ఈ ఏర్పాటు నాకు ఎంతో సబబుగా తోచింది.

"మరిదిగారూ, ఆ చిలకపచ్చ చీరావిడ మీ పెదతల్లి కోడలే కదూ? ఏదీ, చూపించండి" అన్నది రాజ్యలక్ష్మి.

పాండురంగం వేలు గాలిలో కాసేపు తచ్చాడి, ఒక ఎర్రచీర మీద వాలింది.

"ఆవిడ మా వియ్యపురాలండీ బాబూ! సొంత పెదతల్లి కోడలిని పోల్చుకోలేరా?" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, "కొట్లో పనుంది వదినా" అని లేచాడు. ఆవేళ ఆదివారం, కొట్టుకు సెలవు. శర్వాణి మాత్రం నవ్వలేదు. తండ్రి వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. రేపు తన పెళ్ళి ఆల్బమ్ ఇదే గదిలో విప్పుతారు. అప్పుడూ ఆయన ఇలాగే చెప్పులు వేసుకుని బయటికి పోతాడు. ఆమె చూపులో నాకు కనిపించింది ఇదే.

మర్నాడు ఫోటోగ్రాఫర్ ఖాదర్ బాషాను పిలిపించింది. అతను ఆ కుటుంబానికి పాతకాపు. పాండురంగం ఇంట్లో లేని సమయం చూసి పిలిపించిందని తరువాత గ్రహించాను.

"ముహూర్తం, తలంబ్రాలు కలర్‌లో ఉండనీ అన్నయ్యా. కన్యాదానం, బంధువుల గ్రూప్ ఫోటోలు, అప్పగింతలు మాత్రం బ్లాక్ అండ్ వైట్‌లో కావాలి. ఆల్బమ్‌లో వాటికి రంగు రాకూడదు."

"అవన్నీ ఈ చీరలోనే కదా చెల్లెమ్మా? ఇంత మంచి చీరకి రంగు తీసేయమంటావా?" అన్నాడు ఖాదర్ బాషా నన్ను చూస్తూ. లలితకళలు అన్నవి ఇంకా బతికి ఉన్నాయని నాకు నమ్మకం కుదిరింది.

"శుభమా అని పెళ్ళి చేసుకుంటూ నలుపేవిటే!" అని వంటింట్లోంచి రాజ్యలక్ష్మి దూసుకొచ్చింది. "దండ వేసి గోడకి తగిలించే ఫోటోల్లా ఉంటాయి! నా చీర వంకాయరంగో, వక్కపొడి రంగో ఎవడికి తెలుస్తుంది?"

"ఇప్పుడదే ఫ్యాషన్ పెద్దమ్మా."

"ఫ్యాషనా, నీ మొహమా! మీ అత్తగారు ఏమంటుందో?"

"ఆవిణ్ణి అడిగాను. తన పెళ్ళి ఫోటోలూ అలాంటివేనంది."

ఇది నిజమో కాదో నాకు తెలియదు. విమల మాత్రం చెల్లెలి హోదాను మొదటిసారి పక్కన పెట్టి, "దాని పెళ్ళి, దాని ఫోటోలు. వదిలెయ్యక్కా" అన్నది. కూతురి ఆలోచన తల్లికి అందిందని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు.

పెళ్ళినాడు నాకు జరిగిన ఘోరం ఇంకొకటి. గౌరీపూజ దగ్గర నుంచి కన్యాదానం దాకా శర్వాణి ఒంటి మీద నేనే ఉన్నాను. కూతురిని ధారపోస్తున్నప్పుడు పాండురంగం ఆమె మొహమే చూస్తూ, నీళ్ళు కొన్ని నా కుచ్చిళ్ళ మీద పోశాడు. ఆపైన అసలు ఘట్టం, మంగళసూత్రం వచ్చేసరికి నన్ను విప్పి ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద పడేసి, మధుపర్కం కట్టారు. మధుపర్కం అంటే ఏమిటనుకున్నారు? ఒక నూలుచీర. తెల్లటి ఒళ్ళు, వేలెడు ఎర్రంచు, పసుపునీళ్ళలో ముంచిన మూలలు. వంశం అడిగితే పత్తికాయ. జీవితంలో రెండు గంటలు కట్టి జీవితాంతం దాచుకునే ఆ అల్పప్రాణికి ఖాదర్ బాషా కెమెరా సంపూర్ణ వర్ణవైభవంతో పట్టం కట్టింది. రంగుల్లేనిదానికి రంగుల ఫోటోలు! రంగులే ప్రాణమైన నాకు నలుపూ తెలుపూ! కుర్చీ మీద ముద్దలా పడి, తలుపు సందులోంచి ఆ తలంబ్రాల వర్షం చూస్తూ నేను పొందిన బాధను వర్ణించడానికి ఒక ప్రబంధం చాలదు.

అప్పగింతల వేళకు మళ్ళీ నన్ను కట్టారు. ఏడుపులకు మాత్రం నేను కావలసి వచ్చాను. జరీ మీద ఉప్పునీళ్ళు పడకూడదని అక్కడ ఒక్కరికైనా తోచలేదు.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు అత్తగారింట ఉండకూడదు కనుక శర్వాణి పుట్టింటికి వచ్చింది, నన్నూ వెంట తెచ్చింది. ఒక ఉదయం ఎవరింటికో పేరంటానికి నన్ను కట్టుకెళ్ళి వచ్చి, గాలికి ఆరాలని హాల్లో దివాన్ మీద పరిచింది. సరిగ్గా అప్పుడే ఖాదర్ బాషా ఆల్బమ్ తెచ్చి ఇచ్చాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేరారు. రాజ్యలక్ష్మి మధ్యలో ఆసీనురాలైంది. భోజనానికి వచ్చిన పాండురంగం ఆ గుంపును చూడగానే గుమ్మంలోనే ఆగి, విప్పిన చెప్పుల్లోకి మళ్ళీ కాళ్ళు దూర్చాడు.

"నాన్నా, ఒక్క నిమిషం కూర్చో" అన్నది శర్వాణి.

"కొట్లో పనుందమ్మాయ్."

"ఒక్క నిమిషమే."

ఆయన కుర్చీ అంచున, లేచిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. మొదట ముహూర్తం ఫోటోలు. మధుపర్కం తళతళలాడిపోయింది, నేను దివాన్ మీద కళ్ళు మూసుకున్నాను. తరువాత పేజీ తిరిగింది. బంధువులందరూ స్టేజీ మీద బారులు తీరిన ఫోటో. రంగు అన్నది లేదు.

"ఆ... ఆ చివర ఉన్న..." అని మొదలుపెట్టి రాజ్యలక్ష్మి ఆగిపోయింది. అరవై మంది, అన్నీ బూడిదరంగు చీరలే. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఇంతకీ నేనెక్కడున్నానే?"

సర్వసేనాధ్యక్షురాలు యుద్ధభూమిలో తన్ను తానే పోగొట్టుకుంది.

పాండురంగం ముందుకు వంగాడు. వేలు తచ్చాడలేదు. "ఇదుగో వదినా, మీరు. నడుం మీద చెయ్యేసుకుని ఎవరినో కేకలేస్తున్నారు. మీ వెనకాల తల వంచింది మా చిన్నాన్న, అప్పటికే చెప్పులు పోయాయి ఆయనకి. ఈ పక్కన నోరు మూసుకుని నవ్వుతున్నది సుభద్ర, పన్ను ఊడిందిగా."

"అవునండోయ్, సుభద్రే!"

"మరీవిడో?" అన్నది పక్కింటావిడ.

"మా పెదతల్లి కోడలు" అన్నాడాయన తాపీగా. "ఎప్పుడు నిలబడ్డా బరువంతా ఎడంకాలి మీదే."

ఆ తరువాత పేజీలన్నీ ఆయనే తిప్పాడు. అందరూ ఆయన్నే అడిగారు. కుర్చీ అంచు నుంచి ఎప్పుడు వెనక్కి జరిగి చేరగిలబడ్డాడో ఆయనకే తెలియదు. వంటింట్లోంచి విమల, "కొట్లో పనుందన్నారు, వెళ్ళరా?" అని అడిగింది.

"ఉండవే, ఇక్కడ చెప్తుంటే!"

కన్యాదానం ఫోటో వచ్చింది. శర్వాణి చేతులు, వాటి కింద ఆయన చేతులు, వాటి కింద నేను. నా ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిదలో కలిసిపోయాయి. మిగిలినవి జరీ గోపురాలు మాత్రమే. నాకు నేను అనాథశవంలా కనిపించాను. పాండురంగం మాత్రం ఆ పేజీ తిప్పలేదు.

"ఈ అంచు చూశారా?" అన్నాడు. బొటనవేలు ఫోటో మీద నడుస్తున్నది. "ఒక్కొక్క గోపురం ఉలితో కొట్టినట్టుంది. నేను గిన్నె మీద ఒక పేరు చెక్కినా ఇంత సూటిగా రాదు. ఆవేళ కొట్లో ఇదిగో, ఇది చూసే తీశాను ఈ చీర."

"అంచు చూసా? రంగు చూసి తీశారనుకున్నా!" అన్నది రాజ్యలక్ష్మి.

"రంగు మీరందరూ చూస్తున్నారుగా వదినా."

తరువాత కూతురి వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ముహూర్తానివి రంగుల్లో వేయించావు. ఇవెందుకమ్మాయ్ ఇలా?"

"ఇవి నువ్వున్న ఫోటోలు నాన్నా" అన్నది శర్వాణి. "మనిద్దరికీ ఒకలాగే కనిపించాలని."

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో చాలాసేపు తుడిచాడు. రాజ్యలక్ష్మి ఏదో అడగబోయి, చెల్లెలి మొహం చూసి, ఆవిడ జీవితంలో అరుదైన విషయం, ఊరుకున్నది.

అందరి కళ్ళూ చెమర్చాయి, నావి తప్ప. నా బాధ వేరు. నేను జానెడు దూరంలో, దివాన్ మీద, అసలు ఎరుపుతో, అసలు పచ్చతో, అసలు జరీతో పరుచుకుని ఉన్నాను. ఆయన నా వైపు తిరిగి అయినా చూడలేదు. ఆ కాగితం మీది బూడిదచీర అంచునే నిమురుతున్నాడు. నెమలికంఠం మీద అసూయపడ్డాను, మధుపర్కం మీద అసూయపడ్డాను; అవి పరాయివి కనుక కొంత మర్యాదగా పడ్డాను. ఇప్పుడు నా మీద నాకే పుట్టిన ఈ అసూయను ఎక్కడ పెట్టుకోవాలి? ఆ ఆల్బమ్ ఇప్పుడు టీపాయ్ మీద కొలువుంటుంది. నేను బీరువాలో, నాఫ్తలీన్ ఉండల మధ్య, మధుపర్కానికి పొరుగున ఉంటాను. హాల్లోకి ఎవరొచ్చినా పాండురంగం గొంతు వినిపిస్తుంది: "ఈ పేజీ చూడండి."

శ్రావణం వచ్చి శర్వాణి అత్తగారింటికి ప్రయాణమైంది. పెట్టె సర్దుతూ నన్ను మంచం మీద విప్పింది. పాండురంగం గదిలోకి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఇదెప్పుడు కొన్నారమ్మాయ్?" అన్నాడు.

నా పట్టుపోగులన్నీ ఒక్కసారి చల్లబడ్డాయి.

శర్వాణి ఆయన చెయ్యి పట్టుకుని నా అంచు మీద పెట్టింది. బొటనవేలు ఒక గోపురం ఎక్కింది, దిగింది, రెండోది ఎక్కింది.

"అరె, ఇది ఫోటోలో చీర కదూ!" అన్నాడు.

ఫోటోలో చీరట! నేను ఎదురుగా ఉండగా, నాకు దాని పేరు! ఓబులేసు వింటే నాడె విసిరికొట్టేవాడు. అయితే ఒక సంగతి చెప్పాలి. పెట్టె మూసేదాకా ఆయన ఆ వేలు తీయలేదు. జరీ గరుకు, పట్టు మెత్తన, గోపురం మొదట్లో లింగమ్మ కండె మారినచోట నిలిచిన సన్నని ముడి, ఒక్కొక్కటే తడిమి చూశాడు. ఎంత నిమిరినా టీపాయ్ మీది ఆ నున్నటి కాగితం ఇవి ఇవ్వలేదు. ఆ సంగతి ఎవరైనా వెళ్ళి దాని చెవిన వేస్తే బాగుండును.